హన్మకొండ స్కిన్ క్లినిక్‌ల మా చెల్లె బొల్లి మచ్చలకు లైట్ ట్రీట్‌మెంట్

మా చెల్లెకు మూడేండ్ల సంది కంటి పక్కన, చేతివేళ్ల మీద తెల్ల మచ్చలు. ఊర్ల ఎవరో చెప్పిర్రని బావంచాల నూనె రాసి ఎండల కూసోబెట్టినం, బొబ్బలు లేచినయి, అవి మానినంక ఆ జాగ గూడ తెల్లగైంది. ముందు చూపించిన డాక్టరైతే రెండు నిమిషాలల్ల ట్యూబు రాసిచ్చి పంపిండు.

ఎనిమిది నెలల కింద పరకాల నుంచి బస్సెక్కి ఈ క్లినిక్‌కు వచ్చినం. డాక్టర్ మేడం లైట్లు బంద్ చేసి వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత (యూవీ) కిరణాల దీపం పెట్టి చూసిర్రు, మామూలుగ కండ్లకు ఆనని మచ్చలు గూడ మెరిసినయి. మా అమ్మ భయపడుకుంట "చేపలు తిని పాలు తాగినందుకా మేడం" అన్నది. "కాదమ్మా, ఇది అంటుకునేది గూడ కాదు" అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పిర్రు. రోగాలతోని కొట్లాడాల్సిన టి కణాలే రంగు తయారుచేసే మెలనోసైట్ల మీద పడ్తయట, పడి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సిగ్నల్ వదుల్తయట, అది జాక్ అనే దారిల చర్మ కణాల లోపలికి పోంగనే ఆ చర్మ కణాలే సీఎక్స్‌సీఎల్10 అనే ఇంకో సిగ్నల్ పంపి ఇంకిన్ని టి కణాలను పిలుస్తయట. గట్ల ఒకదాన్నొకటి పిలుచుకునుడుతోనే మచ్చ పెరుగుతది. చర్మానికి దెబ్బ తగిలినా, కాలినా అక్కడ కొత్త మచ్చ లేవొచ్చట. ఈ ముక్క ఎవరన్నా ముందే చెప్తే మేం ఆ నూనె రాసేటోళ్లమే కాదు. 2022ల అమెరికాల ఒప్పుకున్న రుక్సోలిటినిబ్ క్రీమ్ ఆ జాక్ దారినే ఆపుతదని గూడ చెప్పిర్రు, మాకైతే టి కణాల జోరు తగ్గించే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, దాంతోపాటు వారానికి మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ అనే ఒక రకం యూవీ కిరణాల లైట్ పెట్టిర్రు.

కంటి పక్కన మూడో నెలల చిన్న చిన్న గోధుమ చుక్కలు లేచినయి, ఇప్పుడు సగం పైన నిండింది. "అక్కా చూడు" అని చెల్లె అద్దం పట్టుకొని ఉరికొచ్చిన రోజు నేను మర్వ. వేళ్ల మీద మాత్రం ఏం మారలే, రంగు కణాలు ఎంటుకల కుదుళ్ల నుంచి వస్తయి కాబట్టి ఎంటుకలు లేని కాడ కష్టమని మేడం మొదటి రోజే చెప్పిర్రు, ఆశ పెట్టి పైసలు గుంజలే, అది నాకు మస్తు నచ్చింది. మచ్చ పోయినా గుర్తు పెట్టుకున్న టి కణాలు ఆడనే ఉంటయి, ఐఎల్-15 అనే సిగ్నల్ వాటిని బతికిస్తది, అందుకే బాగైందని మధ్యల బంద్ చేయొద్దన్నరు.

ఇబ్బంది ఒక్కటే, మిషన్ ఒకటే ఉన్నది. నిమిషాల పనికి గంటన్నర కూసోవాలె, దూరం నుంచి వచ్చేటోళ్లకు బస్సు తప్పుతది. పొద్దుగాల తెరిచే టైంకే పోయి పేరు రాయించుకోండ్రి.