బిల్లు మీద తెల్లవారుజాము టైము: కేవీఎంతో నా ఆరేళ్లు

గాజువాకలో ఒక విడిభాగాల షాపు సర్వర్లు నేనే చూస్తాను. రెండు డబ్బాలు, లినక్స్, ఒక్కో డబ్బాలో చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే కేవీఎం, వాటిని చూసుకోడానికి పైన లిబ్‌వర్ట్, అంతే. ఆరేళ్లుగా ఇదే. కేవీఎం 2007లో 2.6.20 వెర్షన్‌తోనే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కలిసిపోయింది కాబట్టి బాగా నలిగిన సరుకు, వేగం విషయంలో నాకు పేచీ లేదు. నన్ను ఏడిపించినవి రెండే, గడియారం, ప్రాసెసర్ సెట్టింగు.

గడియారం గొడవ నా బద్ధకంతోనే మొదలైంది. లినక్స్ వీఎం సెట్టింగులుండే ఎక్స్‌ఎంఎల్ ఫైలునే కాపీ కొట్టి విండోస్ వీఎం లేపేశాను. మర్నాడు అకౌంట్స్ చూసే ఆవిడ ఫోన్: "ఏటి బాబూ, తెల్లారి అయిదింటికి ఎవరొచ్చి బిల్లు కొట్టారు?" బిల్లు మీద 5:02, గోడ మీద 10:32. సరిగ్గా అయిదున్నర గంటలు తేడా అనగానే దొంగ దొరికాడు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారంలో యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైము) ఉంటుందనుకుంటుంది, విండోస్ మాత్రం అక్కడున్నదే లోకల్ టైమనుకుంటుంది. క్లాక్ ఆఫ్‌సెట్‌లో యూటీసీ తీసి లోకల్‌టైమ్ పెట్టాను, పనిలో పని విండోస్ వీఎంల కోసం ఉన్న హైపర్వీ క్లాక్ టైమర్ కూడా ఆన్ చేశాను. వీఎంలు తయారుచేసే వర్ట్ మేనేజర్‌లో విండోస్ అని చెప్పి మొదట్నుంచీ చేసుంటే అదే లోకల్‌టైమ్ పెట్టేది, ఆ మాట ఆవిడకి చెప్పలేదనుకోండి.

ఇంకో తంటా కరెంటుతో. కరెంటు పోతే యూపీఎస్ స్క్రిప్ట్ వీఎంలని సేవ్ చేసి ఆపేస్తుంది, మళ్లీ లేచాక అవి ఎక్కడ నిద్రపోయాయో ఆ టైములోనే ఉంటాయి. లోపల టైము సరిచేసే క్రోనీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను, కానీ మా సెట్టింగులో అది మొదటి మూడు అప్‌డేట్లలోనే ఒక్కసారిగా దూకుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా జరుపుకుంటూ వస్తుంది, గంట తేడా ఎప్పటికి తీరాలి? వీఎం లోపల ఉండి బయటి మెషీన్ మాట వినే గెస్ట్ ఏజెంట్ వేసి, వీఎం లేవగానే దాని టైము దిద్దే వర్ష్ డోమ్‌టైమ్ కమాండ్‌ని సింక్ ఆప్షన్‌తో నడిపిస్తున్నాను. ఒక్క లైను. ఆ టెన్షన్ పోయింది.

ఇక ప్రాసెసర్. హోస్ట్ పాస్‌త్రూ పెడితే అసలు ప్రాసెసర్‌కి ఉన్న ఫీచర్లు దాదాపు అన్నీ గెస్ట్‌కి, అంటే వీఎంకి, దొరుకుతాయి, ఒక్క మెషీనే ఉంటే కళ్లు మూసుకుని అదే పెట్టండి. నాకున్నవి రెండు, ఒకటి ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్, ఒకటి అంతకు ముందు తరం ఐవీ బ్రిడ్జ్. ఓ ఆదివారం వీఎంని నడుస్తుండగానే పాతదానికి మార్చాను. మారింది, పింగ్ కూడా తప్పలేదు, టీ తాగొచ్చేసరికి లోపలి ప్రోగ్రాం ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చి ఉంది. హాస్వెల్ మీద మొదలైనప్పుడు ఏవీఎక్స్2 (లెక్కలు వేగంగా చేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఉందని చూసుకుంది, ఐవీ బ్రిడ్జ్‌కి అది లేదు. హెచ్చరిక ఒక్కటీ రాలేదు, నాకు మంట అక్కడే.

పోనీ మోడల్ రాయకుండా వదిలేద్దామంటే క్యూఈఎంయూ 64 అనే బీద ప్రాసెసర్ వస్తుంది, దానిమీద ఆల్మాలినక్స్ 9 బూట్ కూడా అవదు, దానికి కనీసం ఎక్స్86-64 వీ2 అనే మెట్టు ఫీచర్లున్న ప్రాసెసర్ కావాలి. అందుకే ఇప్పుడు రెండింటి మీదా ఐవీ బ్రిడ్జ్ మోడలే రాసిపెట్టాను. పాత డబ్బా బతికున్నన్నాళ్లూ కొత్తదానికి ఏవీఎక్స్2 ఉండీ లేనట్టే.