పాత గేర్ సైకిల్‌కి ఖర్చు పెట్టాలా, ఇంకోటి చూసుకోవాలా?

అనంతపురంలో సెకండ్‌హ్యాండ్‌లో 4 వేలకు మౌంటెన్ బైక్ తెచ్చుకున్నోళ్ళు ముందు అడిగేది ఇదే, పార్టులు మారిస్తే మంచి బండి అయితాదా అని.

ఖర్చు: బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్ళు, టైర్లు వరకైతే పాతదే లాభం. మన పక్క కంపముళ్ళకి టైర్లు, ట్యూబులు ఎట్లాగూ మార్చాల్సిందే. గేర్లు పెంచాలంటే మాత్రం వద్దు, 7 స్పీడ్ ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల గుత్తి, మరతో బిగించేది) హబ్‌కి, అంటే చక్రం నడిమి భాగానికి, 9 స్పీడ్ క్యాసెట్ (జారించి ఎక్కించే రకం గుత్తి) ఎక్కదు, వెనక చక్రం, షిఫ్టర్ (గేర్ మార్చే మీట), చైను మార్చాల, డెరైలర్ (చైన్ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) కూడా మార్చాల్సి రావచ్చు, అది బండి రేటే దాటిపోతాది.

శ్రమ: పాతదానికి ఒక ఆదివారం చాలు, ఇంకోటి కావాలంటే నాలుగు చోట్ల తిరగాల.

రిస్క్: ఫ్రేము వెల్డింగ్ దగ్గర పగులుంటే పాతదానికి ఒక్క రూపాయి కూడా పెట్టద్దండి, ప్రాణానికే ముప్పు. చైను కొలవండి, 24 లింకులు (ఒక పిన్ను నుంచి పక్క పిన్ను దాకా ఒక లింకు) 12 అంగుళాలు ఉండాల, ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువొచ్చిందంటే ఫ్రీవీల్ కూడా అరిగినట్టే. కొత్తగా కొనే సెకండ్‌హ్యాండ్‌కీ ఇదే చూడాల.

కాలేజీకి, పొద్దున ఎక్సర్‌సైజుకి అయితే పాతదే బాగుచేసుకోండి. గండికోట పక్క రాళ్ళలో దించాలంటే మాత్రం దాన్ని అమ్మేసి, మంచి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), డిస్క్ బ్రేకులు ముందే ఉన్నది చూసుకోండి.