బాలే పేరడీల్లో ఏది మేలు: కోకా ముఖమా, కొవాక్స్ గొరిల్లాలా?

టీవీ ఇంకా నలుపు తెలుపుల్లో ఉన్న రోజుల్లో అమెరికా హాస్యనటులు ఐరోపా శాస్త్రీయ నాట్యమైన బాలే జోలికి తరచుగా వెళ్లేవారు. బాలే రూస్ ద మాంటే కార్లో బృందం 1930, 40 దశకాల్లో ఆ దేశంలో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఒక్క ప్రదర్శనా చూడనివారికి కూడా మునివేళ్ల మీద నిలబడే తెల్ల గౌను అమ్మాయి అంటే తెలిసిపోయింది. అంత గంభీరమైనది కళ్లెదుట ఉంటే నవ్వించేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు కదా!

ఆ పేరడీల్లో ఇవాళ ఏది చూడాలి అంటే, నా లెక్కలో పోటీ ఇద్దరు టీవీ హాస్యనటుల మధ్యే: ఇమోజీన్ కోకా, ఎర్నీ కొవాక్స్. మగవాడికి ట్యూట్యూ, అంటే బాలే అమ్మాయిలు వేసుకునే కుచ్చుల గౌను, తొడిగి వేదిక మీద తూలించే మూడో రకం ఒకటుంది. వేషం చూడగానే నవ్వొస్తుంది, ఆ తర్వాత చూడటానికేమీ ఉండదు. 1974లో న్యూయార్క్‌లో మొదలైన ట్రొకాడెరో బృందంలోని మగవాళ్లు నిజంగానే మునివేళ్ల మీద నాట్యం చేసి ఆ వేషానికి పరువు తెచ్చారు. అయితే వాళ్లది రంగస్థలం, కాలం కూడా తర్వాతిది.

కోకా 1908లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి వాద్యబృంద నిర్వాహకుడు. చిన్నప్పటి నుంచే నాట్యం, సంగీతం నేర్పించారు. హాస్యం మాత్రం చలి పుణ్యమా అని వచ్చింది. 1934లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఒక ప్రదర్శన రిహార్సల్స్ జరుగుతుండగా, చలికి తట్టుకోలేక ఎవరిదో పెద్ద కోటు అరువు తెచ్చుకుని వేసుకుంది. ఒంటికి మూడింతలున్న ఆ కోటులోనే ఒళ్లు వెచ్చబడటానికి గంతులు వేస్తుంటే నిర్మాత చూసి, దాన్ని అలాగే ప్రదర్శనలో పెట్టాడు. ఆమె పద్ధతి అంతా ఆ కోటులోనే ఉంది: అడుగు సరిగ్గానే పడుతుంది, చుట్టూ ఉన్నదే దానికి పొసగదు.

1950 నుంచి 1954 దాకా ఎన్.బి.సి. టీవీ ఛానెల్లో శనివారం రాత్రుళ్లు వచ్చిన ‘యువర్ షో ఆఫ్ షోస్’లో హాస్యనటుడు సిడ్ సీజర్‌తో పాటు ఆమే ప్రధాన ఆకర్షణ. గంటన్నర కార్యక్రమం, అంతా ప్రత్యక్ష ప్రసారం. తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేదు. నాట్యాలు కూర్చిన జేమ్స్ స్టార్‌బక్ ఆ బాలే రూస్ ద మాంటే కార్లోలో నాట్యం చేసి వచ్చినవాడు. అదే కార్యక్రమంలో అసలు బాలే కూడా చూపించేవారు కనుక, పేరడీ ఎంత దగ్గరగా ఉందో ప్రేక్షకుడు అక్కడికక్కడే పోల్చుకోగలిగేవాడు.

కోకా ఎంచుకున్నవాటిలో ‘ఫాన్ మధ్యాహ్నం’ ఒకటి (ఫాన్ అంటే పురాణాల్లోని సగం మనిషి, సగం మేక). 1912లో పారిస్‌లో రష్యన్ నర్తకుడు నిజిన్‌స్కీ కూర్చిన నాట్యం అది, సంగీతం డెబ్యూసీది. గ్రీకు శిల్పాల్లో బొమ్మల్లాగా అందరూ పక్కకు తిరిగి, మోచేతులు మడిచి, చదునుగా నడుస్తారు. అసలే నవ్వుకీ గాంభీర్యానికీ మధ్య సన్నటి గీత మీద నడిచే నాట్యం. దాన్ని చెడగొట్టడానికి పెద్ద పల్టీలు అక్కర్లేదు, కనుబొమ్మ కాస్త పైకి లేస్తే చాలు. కోకాకు తెలిసిన విద్య అదే. అడుగు తప్పదు, ముఖం తప్పుతుంది.

కొవాక్స్ దారి పూర్తిగా వేరు. నర్తకులను గొరిల్లా తొడుగుల్లో, వాటి మీద ట్యూట్యూలతో స్వాన్ లేక్ అనే హంసల కథ బాలే ఆడించాడు. చైకోవ్‌స్కీ సంగీతాన్ని ముట్టుకోలేదు. ఇంతే తమాషా అనుకుంటాం గానీ, కాసేపు చూస్తే ఇంకొకటి తడుతుంది. బాలే గుంపు నాట్యంలో హంసలన్నీ ఒకే ముఖంతో, ఏ భావమూ పలకనివ్వకుండా నిలబడాలి. గొరిల్లా ముసుగులూ అంతే: అన్నీ ఒకటే, ఏదీ కదలదు. అంటే వేషం ఎంత అసంబద్ధమైనా, నియమాన్ని మాత్రం అక్షరాలా పాటించినట్టే!

ఇక్కడ తెర పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. ఆనాటి టీవీ పెట్టెలు చిన్నవి. నాట్యమంతా కనబడాలంటే కెమెరా దూరం జరగాలి, అప్పుడు ముఖం చుక్కంత అవుతుంది. కోకాకు కాళ్లూ కావాలి, ముఖమూ కావాలి. పైగా మనకు మిగిలింది కినెస్కోప్ ప్రతులు, అంటే టీవీ తెరనే ఫిల్ము కెమెరాతో తీసినవి. మసక తప్పదు. గొరిల్లాలకు ముఖంలో చూపించాల్సింది ఏమీ లేదు కనుక ఎంత దూరం నుంచైనా చెల్లుతుంది. కొవాక్స్ టీవీని రంగస్థలానికి కిటికీగా కాక, ఒక పరికరంగా చూసినవాడు. 1957 జనవరిలో మాటలే లేని అరగంట కార్యక్రమం చేశాడు. స్టూడియోలో ప్రేక్షకులు కూర్చోవడం ఆయనకు గిట్టేది కాదు. దృశ్యంగా చూస్తే ఆయన పనే ఈరోజుకీ తాజాగా కనిపిస్తుంది.

అయినా నా ఓటు కోకాకే. గొరిల్లాలను రెండోసారి చూస్తే మొదటిసారి కన్నా తక్కువ నవ్వుతాం, ఎందుకంటే ఆశ్చర్యం ఖర్చైపోయింది. కోకాను రెండోసారి చూసినప్పుడే, మొదట జారిపోయిన చిన్న చూపు కనబడుతుంది. బాలే ఎరగని వారితో కలిసి చూస్తుంటే మాత్రం కొవాక్స్‌తో మొదలుపెట్టండి, ఏమీ వివరించాల్సిన పని ఉండదు. కోకాను వాళ్లకు చూపించే ముందు అసలు ‘ఫాన్’ ఒకసారి చూపించడం మంచిది. పది పన్నెండు నిమిషాల నాట్యమే, విసుగు పుట్టేంత పొడవు కాదు.