యూనివర్సిటీ ప్రోగ్రామా, కమ్యూనిటీ ఆసుపత్రా?

అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెన్సీ (పీజీ శిక్షణ) ఇంటర్వ్యూలు అయ్యాక, ప్రోగ్రాములను ఇష్టం వరసలో రాసిచ్చే ర్యాంక్ లిస్టు దగ్గర చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రెండుచోట్లా క్లినికల్ శిక్షణ 5 ఏళ్లే, కనీసం 850 పెద్ద ఆపరేషన్లు చేయాల్సిందే. అసలు తేడా, చేతికి కత్తి ఎప్పుడు అందుతుందన్నది. కమ్యూనిటీ ఆసుపత్రిలో సాధారణంగా ఫెలోలు (రెసిడెన్సీ అయ్యాక ప్రత్యేక శిక్షణలో ఉన్న డాక్టర్లు) తక్కువ. హెర్నియా, పిత్తాశయం కేసులు తొలి ఏళ్లలోనే మీ చేతికి రావచ్చు. యూనివర్సిటీలో కాలేయ మార్పిడి లాంటివి దగ్గరగా చూస్తారు, కానీ చాలాచోట్ల పరిశోధనకు మరో ఏడాదో రెండేళ్లో కలుస్తాయి. పీడియాట్రిక్ సర్జరీ ఫెలోషిప్ మీద మనసుంటే ఆ ఏళ్లు వృథా కావు. జనరల్ సర్జన్‌గానే స్థిరపడాలనుకుంటే మాత్రం కమ్యూనిటీనే పైన పెట్టమంటాను. మన దగ్గర్నుంచి వెళ్లినవాళ్లు వీసా సంగతి కూడా చూసుకోవాలి: కొన్ని ప్రోగ్రాములు జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీదే తీసుకుంటాయి. ‘వాళ్లు నన్ను తీసుకుంటారా’ అని వరస మార్చకండి. అభ్యర్థులను ప్రోగ్రాములతో జతచేసే ‘మ్యాచ్’ లెక్క అభ్యర్థి ఇష్టం నుంచే మొదలవుతుంది.