ఆరేళ్లు వాడాక శబ్దరత్నాకరం గురించి నాలుగు మాటలు

ఎం.ఏ. తెలుగులో చేరినప్పుడు నా దగ్గర పద్యాల మీద ఇష్టం తప్ప ఇంకేం లేదు. డిగ్రీ బీకాం. "గైడ్లు తర్వాత చూద్దువు గానీ ముందు నిఘంటువు కొనుక్కో" అని సీనియర్ అక్క ఒకావిడ చెబితే, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం పాత ప్రతి ఒకటి బేరమాడి తెచ్చుకున్నా. మొదట 1885లో అచ్చయిన పుస్తకం, నాది తర్వాతి ముద్రణ.

మొదటి సెమిస్టరంతా దాన్ని తిట్టుకున్నాను. క్లాసులో మనుచరిత్ర మొదలైంది, "అటఁ జని కాంచె భూమిసురుఁ డంబరచుంబి" అనే పద్యం. రూముకొచ్చి "జని" వెతికితే పుట్టుక అని కనపడింది. ప్రవరుడు హిమాలయానికి పోయి మళ్లీ పుట్టడమేంటో అర్థం కాక అరగంట బుర్ర గోక్కున్నా. అసలు అక్కడున్నది "చని", అంటే వెళ్లి. ముందున్న "అటన్" ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట, కాబట్టి చ కాస్తా జ అయింది, నేను చూడాల్సింది "చను" దగ్గర. "డంబర" కోసం డ కింద కూడా వెతికాను, నవ్వకండి. చంపకమాలలో యతి 11వ అక్షరం, అంటే పాదం మొదటి అక్షరంతో 11వది కలవాలి, పాదం మొదలైంది అ తో, వేళ్ల మీద లెక్కపెడితే 11వది "డం", అంటే దాని లోపల అ దాక్కుని ఉండాలి, విడదీస్తే భూమిసురుఁడు, అంబరచుంబి. యతి అనేది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకున్నా గానీ పదం ఎక్కడ విరగ్గొట్టాలో చెప్పేది కూడా అదేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

అందుకే కొత్తవాళ్లకి చెప్పేదొకటే, దీనితోపాటు బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం పక్కన పెట్టుకోండి. మొత్తం అక్కర్లేదు, సరళాదేశం (న్ తర్వాత క చ ట త ప లు గ జ డ ద బ లవడం), గసడదవాదేశం (ప్రథమావిభక్తి మాట తర్వాత అవే గ స డ ద వ లవడం) వస్తే సగం పదాలు దొరుకుతాయి. "వాఁడు వోయె"లో వోయె కోసం వ దగ్గర తిరగకుండా నేరుగా "పోవు"కి వెళ్తారు. బండి ఱ కూడా గుర్తుంచుకోండి, నది అనే అర్థంలో "ఏఱు"ని మామూలు ర తో వెతికి, లేదనుకుని పుస్తకం మూసేశాను ఒకసారి.

నచ్చింది ఏమిటంటే, మాట దేశ్యమో సంస్కృతమో అక్కడే తెలుస్తుంది, అర్థానికి రుజువుగా కావ్యాల్లోంచి ప్రయోగాలుంటాయి. నచ్చనిది, వివరణంతా గ్రాంథికం, ఒక్కోసారి అర్థానికి మళ్లీ అర్థం వెతుక్కోవాలి, అప్పుడు నేను బ్రౌణ్యం, అదే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, తెరుస్తాను, అందులో ఇంగ్లీషులో సూటిగా ఉంటుంది. ఫోన్లో ఆంధ్రభారతి అనే వెబ్‌సైటు ఉండగా ఇదెందుకంటారా, క్లాసులో నేనూ అదే వాడతా, ఒకేసారి బోలెడు నిఘంటువులు చూపిస్తుంది. కానీ "జని" అని కొడితే అదైనా పాపం ఏం చేస్తుంది!

ఆధునిక సాహిత్యం వైపు వెళ్లేవాళ్లు డబ్బులు పెట్టక్కర్లేదు, లైబ్రరీలో చూసుకుంటే చాలు. ప్రాచీన సాహిత్యమైతే కొనండి, అయితే అచ్చు ఎలా ఉందో తెరిచి చూసి మరీ కొనండి, నా ప్రతిలో అరసున్నలు కనపడి చావవు, "క" దగ్గర పేజీలు ఊడొస్తుంటే రబ్బరు బ్యాండు వేసి పెట్టాను.