నిటారవడమా, వాలు పెరగడమా: ఏది మేలు?

ఇంగ్లిషు ‘స్టీపెన్’కి (steepen, అంటే ఏటవాలు ఇంకా ఎక్కువవడం) తెలుగులో ఏం రాయాలని పాఠాలు రాసేవాళ్లు, వార్తలు అనువదించేవాళ్లు తరచూ అడుగుతుంటారు. ‘ఎత్తు పెరిగింది’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అది తప్పు. ప్రతి వంద మీటర్లకూ 5 మీటర్లు లేచే దారిలో ఎత్తు పెరుగుతూనే ఉంటుంది, ఏటవాలు మాత్రం మారదు. తర్వాతి వంద మీటర్లలో 12 మీటర్లు లేస్తేనే ఈ క్రియకు పని. కాబట్టి ఎంచుకోవాల్సింది ‘వాలు పెరుగు’, ‘నిటారవు’ అనే రెంటి మధ్యే.

‘వాలు పెరుగు’ బడి లెక్కల్లో అలవాటైన మాట. చిక్కంతా రుణ గుర్తుతోనే. y = x² గ్రాఫులో x = 1 దగ్గర వాలు 2, x = 3 దగ్గర 6. ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. అదే గ్రాఫు ఎడమ పక్క x = −3 దగ్గర వాలు −6, x = −1 దగ్గర −2. లెక్క ప్రకారం వాలు పెరిగింది, గీత మాత్రం చదునవుతోంది! y = −x² కుడి పక్క దీనికి తలకిందులు: దిగుడు అంతకంతకూ ఎక్కువవుతుంటే వాలు −2 నుంచి −6కి తగ్గుతుంది. గుర్తు వదిలేసి చూడమని ముందే చెప్పకపోతే పిల్లలు తికమకపడతారు.

‘నిటారవు’కి ఈ పేచీ లేదు. ఎక్కుడైనా దిగుడైనా ఒకటే. అందుకే నా ఓటు దీనికే, ఒక షరతు మీద. ఊరికే ‘దారి నిటారైంది’ అంటే గోడలా నిలబడిందనే అర్థం వస్తుంది. ‘ఇంకా’, ‘మరింత’ చేర్చాలి, లేదా ‘నిటారవుతూ పోతుంది’ అనాలి. అలిపిరి నడకదారి గురించి రాసేటప్పుడు ‘మోకాళ్ల మెట్టు దగ్గర ఎక్కుడు మరింత నిటారవుతుంది’ అంటే ఎక్కినవాళ్లెవరూ కాదనరు.

చిన్న వాలులకు మాత్రం ఇది నప్పదు. బాత్రూం గచ్చుకి మీటరుకు ఒక సెంటీమీటరు ఉన్న వాలును రెండు చేస్తే, అంటే 1 శాతాన్ని 2 శాతం చేస్తే, నిటారైందంటే మేస్త్రీ నవ్వుతాడు. అక్కడ ‘వాటం పెంచు’ అనాలి. డ్రైవర్ల ‘అప్ ఎక్కువైంది’ మాటల్లో బాగానే ఉంటుంది, రాతలో వద్దు.

బాండ్ల వార్తల్లో రెండూ వద్దు. రెండేళ్ల బాండుపై రాబడి 6.0 నుంచి 5.5 శాతానికి, పదేళ్లదానిపై 6.5 నుంచి 6.4కి దిగాయనుకుందాం. రెండూ తగ్గాయి, అయినా ఈల్డ్ కర్వ్ (బాండ్ల గడువును బట్టి రాబడి ఎలా మారుతుందో చూపే గీత) స్టీపెన్ అయినట్టే, ఎందుకంటే రెంటి మధ్య తేడా 0.5 నుంచి 0.9కి చేరింది. ‘స్వల్పకాలిక, దీర్ఘకాలిక రాబడుల మధ్య తేడా పెరిగింది’ అని రాసేస్తే సరి.