ఫోమ్‌లో పాతిన నీళ్ల పైపు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

రెండు రేకుల మధ్య పాలీయూరిథేన్ ఫోమ్ పోసిన ప్యానెళ్లు చాలామంది చూసే ఉంటారు. వేడిని లోపలికి రానివ్వవు, అంతవరకే వాటి పని. నేను రాస్తున్నది ఇంకో రకం గురించి. ఇందులో లోపలి రేకుకి ఆనించి నీళ్ల పైపులు పరిచి, వాటి వెనక ఫోమ్ పోస్తారు. బయటి ఎండని ఫోమ్ ఆపుతుంది. గదిలో పోగైన వేడిని పైపులో తిరిగే చల్లటి నీళ్లు పట్టుకుపోతాయి. చలికాలంలో అదే పైపులో గోరువెచ్చటి నీళ్లు తిప్పితే గది వెచ్చబడుతుంది. ఇవి నేను పోసి తయారుచేస్తాను, నేను రోజంతా కూర్చునే గదికి పైకప్పు కూడా వీటితోనే వేశాను. అందుకే పొగడ్తా తెగడ్తా రెండూ ఉంటాయి.

పనిచేస్తుందా అంటే చేస్తుంది. ఎంత బాగా చేస్తుందన్నది మాత్రం పైపుకీ లోపలి రేకుకీ మధ్య ఆనిక ఎలా కుదిరిందన్నదాని మీదే ఉంటుంది. కొనేవాళ్లందరూ ఫోమ్ మందం ఎంత, సాంద్రత ఎంత అని అడుగుతారు. అడగాల్సిన అసలు ప్రశ్న ఈ ఆనిక గురించే.

లెక్క చూడండి. మంచి ఫోమ్ ఉష్ణవాహకత మీటరుకి డిగ్రీకి 0.023 వాట్ల దగ్గర ఉంటుంది. ఉక్కుకి దాదాపు 50. అంటే పైపుకీ రేకుకీ నడుమ ఒక్క మిల్లీమీటరు ఫోమ్ దూరిందంటే, అక్కడ రెండు మీటర్ల మందం ఉక్కు అడ్డం పెట్టినట్టే. పైగా పోసేటప్పుడు ఫోమ్ ద్రవంగా ఉంటుంది, ఉబ్బుతూ దొరికిన ప్రతి సందులోకీ చొరబడుతుంది. ప్యానెల్‌కి ప్రాణం పోసేదీ అదే, ప్రాణం తీసేదీ అదే.

దీనికి మందు అల్యూమినియం రేకు. పైపు సగం కూర్చునేలా గాడి నొక్కిన పల్చటి అల్యూమినియం పట్టీలు తీసుకుని, లోపలి రేకుకి జిగురుతో పూర్తిగా అతికించి, గాడిలో పైపు బిగించి, అంచులు టేపుతో మూసేశాకే ఫోమ్ పోయాలి. అల్యూమినియం ఉక్కు కంటే నాలుగు రెట్లు మించి వేడిని పాకిస్తుంది కాబట్టి 16 మిల్లీమీటర్ల పైపు 150 మిల్లీమీటర్ల ఎడంతో వేసినా రేకంతా ఇంచుమించు ఒకేలా చల్లబడుతుంది. పట్టీలు లేకుండా పైపుని నేరుగా రేకు మీద పరిస్తే పైపు కింద చారలాగా చల్లదనం, పక్కన ఏమీ ఉండదు.

తయారైన ప్యానెల్ మంచిదో కాదో తేల్చడానికి నేను చేసే పరీక్షకి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పైపులో వేడినీళ్లు తిప్పుతూ లోపలి రేకుని తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. కాసేపటికి పైపు ఉన్నచోట తడి ముందు ఆరుతుంది, పొడి చారలు ఒక్కొక్కటే బయటపడతాయి, ఆ తర్వాత అవి పక్కలకి వెడల్పవుతాయి. ఎక్కడైనా చార మధ్యలో తెగి, జానెడు మేర తడి అలాగే నిలబడిందంటే అక్కడ ఫోమ్ దూరినట్టే. ఆ ప్యానెల్ పక్కన పెట్టేయడమే, లోపలికి చెయ్యి పెట్టి బాగుచేసే దారి లేదు. మరలు బిగించేముందు కూడా ఇదే పద్ధతిలో పైపు ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో గీసుకుంటాను.

పోయడంలో ఇంకో రెండు సంగతులు. పైపుని ఖాళీగా వదలకూడదు, ఉబ్బే ఫోమ్ ఒత్తిడికి వేడికి మెత్తబడిన పైపు నలిగే ప్రమాదం ఉంది. పైపులో గాలి ఒత్తిడి పట్టి, గేజి చూసుకుంటూ ఫోమ్ పోయాలి. అప్పుడే లీకు కూడా తెలిసిపోతుంది. చల్లటి నీళ్లతో నింపడం మాత్రం వద్దు. ఫోమ్ తయారయ్యే రెండు ద్రవాలు, ఐసోసైనేటూ పాలియోలూ, కలిసి వేడి పుట్టించుకుంటూనే గట్టిపడతాయి. ఆ వేడిని నీళ్లు లాగేసుకుంటే పైపు చుట్టూ ఫోమ్ పెళుసుగా తయారై రాలుతుంది. చల్లటి రేకు మీద పోసినా అంతే, అతుకు నిలవదు. అందుకే ఫోమ్ గట్టిపడేదాకా ప్యానెల్‌ని నొక్కి పట్టే ప్రెస్‌ని 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతారు. తొందరపడి ప్రెస్ తెరిస్తే ప్యానెల్ నడుమ ఉబ్బిపోతుంది. ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకి చెరుపు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. మామూలు గుడ్డ మాస్కు దానికి చాలదు.

ఇక వాడకం. ఎండలో ముదురు రంగు బయటి రేకు 70 డిగ్రీల దాకా కాలుతుంది. 50 మిల్లీమీటర్ల ఫోమ్ ఉంటే అప్పుడు కూడా లోపలికి చదరపు మీటరుకి 20 వాట్ల దరిదాపుల్లోనే వస్తుంది, పైపు నీళ్లకి అదొక లెక్క కాదు. నాకు బాగా నచ్చింది వేగం. కాంక్రీటు స్లాబులో పైపులు వేస్తే గంటల ముందు మొదలుపెట్టాలి, ఇక్కడ పంపు ఆన్ చేసిన కొద్ది నిమిషాల్లోనే తలమీద తేడా తెలుస్తుంది. కరెంటు పోతే ఆ చల్లదనం కూడా అంతే వేగంగా పోతుంది, దాచుకునే బరువు ఇందులో లేదు.

అసలు తలనొప్పి తేమ. గది 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నప్పుడు మంచుబిందువు, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ రోజు పైపులో 18 డిగ్రీల నీళ్లు పంపితే రేకుకి చెమట పట్టి బొట్లు బొట్లుగా నెత్తిన రాలుతుంది. తేమ కొలిచి నీళ్ల వేడిని సర్దే మిక్సింగ్ వాల్వు లేకుండా చల్లదనం కోసం ఈ ప్యానెల్ కొనొద్దని గట్టిగా చెబుతాను. అప్పుడు కూడా ఉక్కపోత రోజుల్లో చల్లదనం తగ్గుతుంది, గాలిలో తేమ తీసే యంత్రం తోడుండాలి. వెచ్చదనానికైతే ఈ గొడవే లేదు, 35 డిగ్రీల నీళ్లు చాలు. నిజానికి నేను చలికాలంలోనే దీన్ని ఎక్కువ మెచ్చుకుంటాను.

పొద్దున ఎండ ఎక్కేటప్పుడు, సాయంత్రం దిగేటప్పుడు టక్కు టక్కుమని చప్పుడు వస్తుంది. ఆరు మీటర్ల ప్యానెల్‌లో బయటి రేకు వేడికి మూడు మిల్లీమీటర్లకి పైగా సాగుతుంది, లోపలి రేకు సాగదు, దాంతో ప్యానెల్ బయటికి వంగుతుంది. మరల రంధ్రాలు కోలగా వేస్తే చప్పుడు తగ్గుతుంది, పూర్తిగా పోదు. లేత రంగు రేకు ఎంచుకుంటే ఇంకొంచెం నయం.

కొనేముందు రెండు షరతులు పెట్టండి. పైపు జాయింట్లన్నీ ఫోమ్ బయటే, చెయ్యి అందేచోట ఉండాలి, లోపల పైపు ఒకే ముక్కగా పోవాలి. పైపుకి ఆక్సిజన్ చొరబడని పొర ఉండాలి, లేకపోతే నీళ్లలోకి గాలి చేరి పంపులోని ఇనుము తుప్పుపడుతుంది. కోసిన అంచులు కూడా చూడండి. రేకులున్నంత మేర ఫోమ్‌లోకి తేమ పోదు, అంచు తెరిచి ఉంటే మాత్రం చల్లటి పైపు దాకా నెమ్మదిగా పాకుతుంది. నా పైకప్పులో అంచుల్ని బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే రబ్బరు టేపు) మూసినవన్నీ ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ఫోమ్ మండే సరుకే, వంటగది పక్కనో వెల్డింగ్ జరిగేచోటో వేసేవాళ్లు పాలీఐసోసైనురేట్ రకం అడగండి, అది మంటకి బొగ్గుపొర కట్టి కాస్త నిలదొక్కుకుంటుంది.